225 కేవీ క్యాబినెట్: తెర మీద 2 గ్రే, ఫిల్మ్‌లో 2.31. పేపర్లో ఏది రాయాలి?

1. కణపుట్ట
సెల్స్‌కి రేడియేషన్ ఇచ్చే 225 కేవీ (కిలోవోల్ట్) ఎక్స్‌రే క్యాబినెట్. 0.3 మి.మీ. రాగి ఫిల్టర్, ఫోకల్ స్పాట్ నుంచి షెల్ఫ్‌కి 40 సెం.మీ. డోస్ మోడ్‌లో 2 గ్రే (రేడియేషన్ డోస్ యూనిట్) అని కొడితే లోపలి మానిటర్ చాంబర్ (గాలిలో పుట్టే చార్జ్‌తో రేడియేషన్ కొలిచేది) లెక్క చూసుకుని దానంతటదే ఆగుతుంది. టీ25 ఫ్లాస్కులో (సెల్స్ పెంచేది) 5 మి.లీ. నీళ్లు పోసి అడుగున ఈబీటీ3 ఫిల్మ్ (డోస్‌ని బట్టి రంగు ముదిరేది) ముక్క పెడితే 2.31 గ్రే చూపిస్తోంది. ముక్క మార్చినా, రోజు మార్చినా 1 శాతం అటూ ఇటూ, అంతే. ఫిల్మ్ కాలిబ్రేషన్ ఒక ఆస్పత్రి లినాక్ (క్యాన్సర్ చికిత్స యాక్సిలరేటర్) మీద 6 ఎంవీలో (మెగావోల్ట్) చేయించాం.

ఇంకో గొడవ. 96 వెల్ (సెల్స్ వేసే చిన్న గుంట) ప్లేటు కింద పెద్ద ఫిల్మ్ పరిస్తే మూల వెల్స్ కంటే నడిమివి 9 శాతం ఎక్కువ.

ఇంజనీరుని అడిగితే "ఫిల్మ్‌దేముందండీ, రంగు కాగితం, మా నంబరే కరెక్టు" అంటాడు. రివ్యూయరేమో డోసిమెట్రీ వివరంగా రాయమన్నాడు. ల్యాబ్ హైదరాబాద్‌లో. ఎక్కణ్ణుంచి మొదలెట్టాలి?

2. పిపెట్_పిచ్చి
మెషీన్ నంబరే రాసెయ్. అన్ని డోసులూ ఒకే నిష్పత్తిలో తప్పైతే కంట్రోల్‌తో పోల్చుకుంటాం కదా, కొంపలేం మునగవు.

3. సీసంగోడ
2 చూశాక ఆగలేకపోయా. సర్వైవల్ కర్వ్ (ఎంత డోస్‌కి ఎన్ని సెల్స్ బతికాయో చూపే గీత) సరళరేఖ కాదండీ. ఆల్ఫా 0.3, బీటా 0.03 ఉన్న సెల్స్ అనుకోండి (ఆ గీత వంపు చెప్పే అంకెలు, ఆల్ఫా డోస్‌కి, బీటా డోస్ వర్గానికి). 2 గ్రేకి బతికేవి 49 శాతం, 2.31కి 43. మెషీన్ 4 అన్నప్పుడు నిజంగా 4.62 పడితే 19 శాతం రావాల్సింది 13కి దిగుతుంది. ఇంకో ల్యాబ్ అదే సెల్ లైన్‌తో మీ కర్వ్ మీద తన పాయింట్లు పెట్టుకుంటే "మీ స్టాక్ కల్తీ అయింది" అంటుంది. మందుతో కలిపి డోస్ మాడిఫికేషన్ లెక్కలు వేస్తే అసలు చెప్పక్కర్లేదు.

కణపుట్ట గారూ, ఫిల్మ్ సంగతి పక్కన పెట్టి ముందు కాలిబ్రేషన్ సర్టిఫికెట్ తీయండి. మూడు చూడాలి. ఆ "గ్రే" దేంట్లో: గాలి కెర్మానా (ఎక్స్‌రే గాలిలో ఎలక్ట్రాన్లకి అందించే శక్తి), నీటి డోసా (నీరు పీల్చుకునే శక్తి)? మానిటర్ చాంబర్ సీల్ చేసిందా, గాలి ఆడేదా? కాలిబ్రేట్ చేసినప్పుడు ఉష్ణోగ్రత, పీడనం ఎంత రాశారు?

4. సున్నా_కెర్మా
మొదటి ప్రశ్నకి అనుబంధం. గాలి కెర్మా నుంచి నీటి డోస్‌కి వెళ్లాలంటే మాస్ ఎనర్జీ అబ్జార్ప్షన్ కోఎఫిషియంట్ల (ఒక్కో పదార్థం ఎక్స్‌రే శక్తిని ఎంత పీల్చుకుంటుందో చెప్పే అంకెల) నిష్పత్తితో గుణించాలి. నీరు బై గాలి, 30 కేఈవీ (ఫోటాన్ శక్తి, కిలో ఎలక్ట్రాన్‌వోల్ట్‌లలో) దగ్గర 1.01, 60 దగ్గర 1.05, 80 దగ్గర 1.08, 100 దగ్గర 1.095. మీ బీమ్ మొత్తానికి సగటున 1.07 వేసుకోండి. అంటే తెర మీది గ్రే గాలి కెర్మా అయితే 7 శాతం అక్కడే తేలిపోయింది.

5. కణపుట్ట
సర్టిఫికెట్ దొరికింది. "ఫ్రీ ఇన్ ఎయిర్ కెర్మా, షెల్ఫ్ ఎత్తులో." 20 డిగ్రీలు, 101.3 కిలోపాస్కల్. చాంబర్ గాలి ఆడే రకమే. సాఫ్ట్‌వేర్ సెట్టింగ్స్‌లో ఉష్ణోగ్రత, పీడనం కరెక్షన్ అని ఒక గడి ఉంది, అందులో 1.000. ఇక్కడికొచ్చాక మళ్లీ కాలిబ్రేట్ చేసిన కాగితం ఏదీ లేదు.

6. సీసంగోడ
దొరికాడు దొంగ. హైదరాబాద్ సముద్రమట్టానికి 500 మీటర్ల పైన. అక్కడ గాలి పీడనం 95 కిలోపాస్కల్ దరిదాపుల్లో ఉంటుంది, 101.3 ఎప్పటికీ ఉండదు. పలచటి గాలి ఉన్న చాంబర్‌లో అదే రేడియేషన్‌కి తక్కువ చార్జ్ పోగవుతుంది. మెషీన్‌కి ఇంకా 2 గ్రే కాలేదని అనిపించి బీమ్‌ని ఎక్కువసేపు ఉంచుతుంది. అంటే మీ సెల్స్‌కి 6 శాతం అదనం, తెర మీద మాత్రం బుద్ధిగా 2.00.

7. బెజవాడ_బీమ్
అందుకే మా ఊరికి రండి అనేది. ఎండలు మండుతాయి గానీ పీడనం పుస్తకంలో ఉన్నట్టే ఉంటుంది.

8. కణపుట్ట
ఫోన్‌లో వాతావరణం యాప్ 1011 హెక్టోపాస్కల్ అంటోంది. అంటే కరెక్షన్ అక్కర్లేదనేగా?

9. డాలస్_డోసు
ఆ యాప్ నంబర్ ముట్టుకోకండి! వాతావరణ శాఖలు ఎక్కడైనా పీడనాన్ని సముద్రమట్టానికి మార్చి చూపిస్తాయి, మ్యాప్‌లో ఊళ్లని పోల్చుకోవడానికి. మనకి కావాల్సింది ఆ గదిలో నిజంగా ఉన్న పీడనం. కాలిబ్రేట్ చేసిన బారోమీటర్ ఉంటే మేలు. చాలా ఫోన్లలో పీడనం సెన్సర్ ఉంటుంది, దాని ముడి రీడింగ్ చూపే యాప్ వేరే ఉంటుంది. ఉజ్జాయింపుకి అది చాలు. బెంగళూరులో ఈ పొరపాటు జరిగితే 11 శాతం.

10. కణపుట్ట
ఫిజిక్స్ డిపార్ట్‌మెంట్ బారోమీటర్ తెచ్చి చూశాం. 951 హెక్టోపాస్కల్. క్యాబినెట్ లోపల 27 డిగ్రీలు.

11. సీసంగోడ
లెక్క చూడండి. (273.15 + 27) / 293.15 = 1.024. 1013.25 / 951 = 1.065. రెండూ గుణిస్తే 1.091. కాబట్టి తెర 2.00 అన్నప్పుడు గాలి కెర్మా 2.18 ఉండాలి. ఆ 27 డిగ్రీలు షెల్ఫ్ దగ్గరివి. మానిటర్ చాంబర్ ట్యూబ్‌కి ఆనుకుని ఉంటుంది, వరసగా నాలుగైదు ఎక్స్‌పోజర్లు ఇస్తే అక్కడ ఇంకా వేడెక్కుతుంది. ఒక్కో డిగ్రీకి 0.34 శాతం.

అలాగని ఆ గడిలో 1.091 కొట్టేసి చేతులు దులిపేసుకోవద్దు. ఇది అనుమానం మాత్రమే, రుజువు కాదు. వేరే చాంబర్‌తో కొలవాలి. ఆస్పత్రి ఫిజిసిస్ట్‌ని 0.6 సీసీ ఫార్మర్ చాంబర్ (విడిగా కాలిబ్రేట్ చేసిన కొలత చాంబర్), ఎలక్ట్రోమీటర్ (దాని చార్జ్ చదివేది) తెమ్మని అడగండి. దాని గాలి కెర్మా కాలిబ్రేషన్ కోఎఫిషియంట్ మీ బీమ్‌కి దగ్గరి హెచ్‌వీఎల్ (బీమ్‌ని సగానికి తగ్గించే రాగి మందం) దగ్గర తీసి ఉండాలి. కోబాల్ట్ గామా బీమ్ సర్టిఫికెట్ ఒక్కటే ఉంటే 225 కేవీకి పనికిరాదు.

చాంబర్‌ని షెల్ఫ్ ఎత్తులో గాలిలో నిలబెట్టండి, కింద ట్రే తీసేయండి. అరగంట లోపలే వదిలేస్తే గాలి ఉష్ణోగ్రతకి వస్తుంది. లీకేజ్ చూసుకోండి. రెండు పోలారిటీల్లో, రెండు వోల్టేజీల్లో చదవండి. రీడింగ్ × పీడనం-ఉష్ణోగ్రత కరెక్షన్ × పోలారిటీ × రీకాంబినేషన్ (పోగవకుండా మళ్లీ కలిసిపోయిన చార్జ్) × ఎలక్ట్రోమీటర్ × కోఎఫిషియంట్. చాంబర్ మధ్యరేఖ సరిగ్గా సెల్స్ ఉండే ఎత్తులో ఉండాలి. 40 సెం.మీ. దగ్గర 1 సెం.మీ. ఎత్తు తేడా అంటే 5 శాతం, ఇంత కష్టమూ బూడిదలో పోసినట్టే.

హెచ్‌వీఎల్ కూడా అప్పుడే తీసుకోండి. స్వచ్ఛమైన రాగి రేకులు ట్యూబ్‌కీ చాంబర్‌కీ మధ్యలో, బీమ్‌ని చిన్నది చేసి. 0.3 రాగి ఫిల్టర్‌తో 1 మి.మీ. రాగికి కాస్త అటూ ఇటూ రావాలి. 0.6 వస్తే ఫిల్టర్ సగమే ఉందనో, అసలు వేరేది పెట్టారనో అర్థం.

12. సున్నా_కెర్మా
ఆ తర్వాత టీజీ-61 (కేవీ ఎక్స్‌రే డోసిమెట్రీ ప్రోటోకాల్) టేబుల్ తీసి బ్యాక్‌స్కాటర్ (కింది పదార్థం నుంచి వెనక్కి చెదిరొచ్చే రేడియేషన్) ఫ్యాక్టర్‌తో గుణించండి. 10 సెం.మీ. ఫీల్డ్‌కి 1.3 దగ్గర ఉంటుంది. అయిపోయింది.

13. మావయ్య_మోంటేకార్లో
ఆగాగు. ఆ 1.3 ఎవరికి? కింద బోలెడు మందాన నీళ్ల ఫాంటమ్ (కొలతల కోసం పెట్టే దిమ్మ) ఉన్నవాడికి. ఈమె ఫ్లాస్కులో నీళ్లు 2 మి.మీ. (5 మి.లీ. ని 25 చదరపు సెం.మీ. తో భాగించు), కింద పల్చటి షెల్ఫ్, దాని కింద గాలి. వెనక్కి కొట్టడానికి పదార్థమే లేదు. 1.3 వేస్తే 2.18 × 1.07 × 1.3 = 3.03 అవుతుంది. ఫిల్మ్ 2.31 చూపించింది, అంత అబద్ధం ఆడే వస్తువు కాదది. ఈ జామెట్రీకి టేబుల్ కాదు, మోంటేకార్లో సిమ్యులేషన్ (కణాల్ని కంప్యూటర్‌లో ఒక్కొక్కటిగా నడిపే లెక్క) చేయాలి.

14. సున్నా_కెర్మా
సరే, ఒప్పుకున్నా. అయితే ఫ్లాస్కు కింద 6 సెం.మీ. సాలిడ్ వాటర్ (నీటిలా ప్రవర్తించే ప్లాస్టిక్) పలకలు పెట్టి, చుట్టూ కూడా పేర్చి, ప్రోటోకాల్‌లో ఉన్న జామెట్రీనే తయారుచేసుకోవచ్చుగా. సిమ్యులేషన్ గొడవే ఉండదు.

15. మావయ్య_మోంటేకార్లో
అదీ పద్ధతే, చెడ్డదేం కాదు. కానీ ఇప్పటిదాకా షెల్ఫ్ మీద చేసిన ప్రయోగాలకి డోస్ ఎవరు చెప్తారు? పైగా పలకల మందం ఫ్లాస్కుని పైకి లేపుతుంది, దూరం మారుతుంది, షెల్ఫ్‌ని అంత దించాలి. సిమ్యులేషన్ గురించి రాత్రికి వివరంగా రాస్తా.

16. ఫిల్ముకత్తెర
నా పేరు చూసే ఊహించి ఉంటారు. "రంగు కాగితం" అన్న ఆ ఇంజనీరుకి నా నమస్కారాలు.

అసలు విషయం. ఈబీటీ3లో 28 మైక్రాన్ల యాక్టివ్ పొర, రెండు వైపులా 125 మైక్రాన్ల పాలిస్టర్. 6 ఎంవీలో చేసిన కాలిబ్రేషన్‌ని 225 కేవీకి అలాగే వాడితే కొన్ని శాతం తక్కువ చూపిస్తుంది. ఎంత అన్నది లాట్‌ని బట్టి, బీమ్‌ని బట్టి. మీ 2.31 నిజానికి కాస్త ఎక్కువే అయ్యుంటుంది. మందు ఒకటే: అదే క్యాబినెట్‌లో, ఫార్మర్ చాంబర్‌తో కొలిచిన చోటే, అదే లాట్ ఫిల్మ్‌ని మళ్లీ కాలిబ్రేట్ చేయండి. 0, 0.5, 1, 2, 3, 4, 6, 8 గ్రే చాలు.

చేసే తీరు: ముక్కలు కోసేటప్పుడు ఏ వైపు పొడుగో మూలన గీత పెట్టుకోండి. అడ్డంగా, నిలువుగా స్కాన్ చేస్తే రీడింగ్ వేరేగా వస్తుంది. కోసిన అంచుల దగ్గర పొరలు విడిపోతాయి, నీళ్లలో పెడితే అంచుల్లోంచి లోపలికి పాకుతాయి, కాబట్టి అంచు నుంచి 5 మి.మీ. వదిలి మధ్యలో చదవండి. ఎక్స్‌పోజ్ అయ్యాక 24 గంటలు ఆగి స్కాన్ చేయాలి. కాలిబ్రేషన్ ముక్కలకి 24, ప్రయోగం ముక్కలకి 3 గంటలు అంటే కుదరదు. స్కానర్‌ని ముందు నాలుగైదు ఖాళీ స్కాన్లతో వేడెక్కించాలి. 48 బిట్ ఆర్‌జీబీ, రంగు సవరింపులన్నీ ఆఫ్, ఎప్పుడూ గాజు నడిమధ్యే. పక్కలకి పోతే రీడింగ్ మారుతుంది, డోస్ పెరిగేకొద్దీ ఇంకా ఎక్కువ మారుతుంది. ఫిల్మ్ ముడుచుకుని 1 మి.మీ. లేచినా తేడా వస్తుంది, పైన పల్చటి గాజు పలక పెట్టండి. ఎర్ర చానెల్‌లో, ముందు విలువని తర్వాతి విలువతో భాగించి లాగరిథమ్ తీస్తే నెట్ ఓడీ (ఫిల్మ్ ఎంత ముదిరిందో చెప్పే అంకె). డోస్ = a × ఓడీ + b × ఓడీ^n అనే రూపంలో ఫిట్ చేయండి, n రెండున్నర దగ్గర కూర్చుంటుంది. రేడియేషన్ తగలని ముక్క ఒకటి ప్రతిసారీ వెంట తిరగాలి.

17. పిపెట్_పిచ్చి
ఇంత పూజ చేసే బదులు టీఎల్డీ (వేడి చేస్తే డోస్‌కి తగ్గ వెలుగిచ్చే) బిళ్లలు పెట్టి పంపిస్తే పోలా?

18. ఫిల్ముకత్తెర
లిథియం ఫ్లోరైడ్ బిళ్ల 30 నుంచి 40 కేఈవీ మధ్య 30 శాతం పైన ఎక్కువ చూపిస్తుంది. మన దేశంలో బ్యాడ్జీల్లో వాడే కాల్షియం సల్ఫేట్ అయితే ఆ ప్రాంతంలో పది రెట్లు దాటుతుంది. కరెక్షన్ చేయొచ్చు, కానీ అందుకు స్పెక్ట్రమ్ తెలియాలి.

19. బెజవాడ_బీమ్
96 వెల్ సంగతి అందరూ మర్చిపోయారు. మూల వెల్ నడిమధ్య నుంచి 5.9 సెం.మీ. దూరం. 40 సెం.మీ. ఎత్తు నుంచి చూస్తే దూరం వర్గం వల్ల తగ్గేది 2 శాతమే. మిగతా 7 శాతంలో కొంత హీల్ ఎఫెక్ట్ (ట్యూబ్ యానోడ్ వైపు బీమ్ బలహీనపడటం), కొంత అంచుల్లో స్కాటర్ లేకపోవడం.

విడదీయడం తేలిక. అదే ప్లేటుని 180 డిగ్రీలు తిప్పి ఇంకో ఫిల్మ్ తీయండి. ప్లేటుకి ఒక పక్క తక్కువ, రెండో పక్క ఎక్కువ ఉండి, తిప్పాక అది తారుమారైతే యానోడ్ వైపు హీల్. గుండ్రంగా నడుమ ఎత్తు, చుట్టూ పల్లం ఉంటే స్కాటర్. హీల్‌కి మందు: సగం డోస్ ఇచ్చి తిప్పి మిగతా సగం. స్కాటర్‌కి మందు: బయటి వరసలో సెల్స్ వేయొద్దు, నీళ్లు పోయండి, ప్లేటు చుట్టూ అదే ఎత్తు యాక్రిలిక్ ముక్కలు పెట్టండి.

100 మైక్రోలీటర్లు అంటే వెల్‌లో 3.1 మి.మీ. లోతు, 200 అంటే 6.2. 3 మి.మీ. నీళ్లకి ప్రైమరీ బీమ్ 5 శాతం తగ్గుతుంది, స్కాటర్ దాన్ని కొంత పూడుస్తుంది. ఒక వరసలో 100, ఇంకో వరసలో 200 పోసి పోల్చేవాళ్లున్నారు, వాళ్లకో దండం.

20. మావయ్య_మోంటేకార్లో
చెప్పినట్టే వచ్చా. కొంచెం పొడుగు, టీ తెచ్చుకోండి.

సిమ్యులేషన్‌ని గ్రేలు చెప్పమని అడక్కండి. ట్యూబ్ కరెంట్ ఎంత నిజమో, టార్గెట్ ఎంత గరుకెక్కిందో దానికి తెలీదు. నిష్పత్తి అడగండి: సెల్స్ పొరలో డోస్ బై అదే చోట గాలిలో కెర్మా. రెండూ ఒకే సోర్స్‌తో, ఒక్కో హిస్టరీకి (నడిపిన ఒక్కో కణానికి) ఎంతో తీసి భాగిస్తే సోర్స్‌లో తెలియనివన్నీ కొట్టుకుపోతాయి. దాన్ని ఫార్మర్ చాంబర్ ఇచ్చిన కెర్మాతో గుణిస్తే సెల్స్ డోస్.

సోర్స్: ట్యూబ్ మొత్తం మోడల్ చేయక్కర్లేదు. స్పెక్‌పైలో (ఎక్స్‌రే స్పెక్ట్రమ్ లెక్కించే ప్రోగ్రామ్) టంగ్‌స్టన్, టార్గెట్ కోణం, 225 కేవీ, ట్యూబ్ కిటికీ బెరీలియం, 0.3 రాగి ఇచ్చి స్పెక్ట్రమ్ తీసుకో. అది చెప్పే హెచ్‌వీఎల్, నువ్వు కొలిచింది పోల్చు. 3 శాతం లోపు కలిస్తే ముందుకెళ్లు. కలవకపోతే రాగి మందాన్ని కొంచెం మార్చి కలుపు. ఆ సర్దుబాటు ఎంతో పేపర్లో రాయి, దాచొద్దు.

జామెట్రీ: షెల్ఫ్ ఏ లోహమో, ఎంత మందమో వెర్నియర్ పెట్టి కొలువు. ఫ్లాస్కు అడుగు కూడా, పాలిస్టైరీన్ సాంద్రత 1.05. దాని మీద 10 మైక్రాన్ల నీటి పొర, అదే సెల్స్. దాని పైన మిగతా నీళ్లు, గాలి, ఫ్లాస్కు పైకప్పు. క్యాబినెట్ నేల 15 సెం.మీ. లోపుంటే అదీ పెట్టు. వెనక సీసం ఉంటే దాని 75 కేఈవీ దగ్గరి ఫ్లోరెసెన్స్ కూడా వచ్చి తగులుతుంది.

అందరూ బోల్తా పడేది కట్‌ల దగ్గర. జియాంట్4లో (సిమ్యులేషన్ కోడ్) ప్రొడక్షన్ కట్ డీఫాల్ట్ 0.7 మి.మీ. నీ పొర 0.01 మి.మీ. ఎలక్ట్రాన్ ఢీకొట్టి లేపే సెకండరీ ఎలక్ట్రాన్ అంతకంటే తక్కువ దూరం పోయేదైతే దాన్ని అది పుట్టించదు, శక్తిని అక్కడే దింపేస్తుంది. సెల్స్ పొర, దానికి రెండు వైపులా 0.3 మి.మీ. కలిపి ఒక రీజియన్ చేసి అక్కడ కట్ 1 మైక్రాన్ పెట్టు, స్టెప్ కూడా పొర మందం కంటే చిన్నది చెయ్యి. మిగతా చోట 0.1 మి.మీ. చాలు. ఫిజిక్స్ లిస్ట్ ఆప్షన్4.

ఈజీఎస్‌ఎన్‌ఆర్‌సీ (ఇంకో కోడ్) వాళ్లకి వేరే గొయ్యి ఉంది. ఈకట్‌లో (ఎలక్ట్రాన్‌ని నడపడం ఆపేసే శక్తి హద్దు, ఎంఈవీలో) ఎలక్ట్రాన్ నిశ్చల శక్తి 0.511 కలిపే రాయాలి. లినాక్ ఫైల్ కాపీ కొట్టి 0.7 అలాగే వదిలేస్తే, 189 కేఈవీ లోపు ఎలక్ట్రాన్లన్నీ పుట్టినచోటే చస్తాయి. 225 కేవీ బీమ్‌లో ఇంక కదిలేదెవరు? 0.512 పెట్టు. రేలీ స్కాటరింగ్, బౌండ్ కాంప్టన్ ఆన్ చెయ్యి.

హిస్టరీలు: ఎర్రర్ సగం కావాలంటే నాలుగు రెట్లు పరిగెత్తించాలి. 10 మైక్రాన్ల పొర కాబట్టి నిదానం. ఫ్లాస్కు అడుగంతా ఒకే స్కోరింగ్ ప్రాంతంగా తీసుకుంటే 0.5 శాతానికి మామూలు డెస్క్‌టాప్ సరిపోతుంది. వెల్ వెల్‌కీ విడిగా కావాలంటే క్లస్టర్.

21. డాలస్_డోసు
టోపాస్ వాడితే సీ++ రాయక్కర్లేదు, లోపల జియాంట్4నే. బయాలజీ వాళ్లకి అదే సులువు.

22. సున్నా_కెర్మా
ఈజీఎస్ ముందు అవన్నీ నత్తనడక. ఫోటాన్, ఎలక్ట్రాన్ తప్ప ఇంకేం లేనప్పుడు జియాంట్ ఎందుకు?

23. బెజవాడ_బీమ్
ఏ రాయైతేనేం పళ్లూడగొట్టుకోడానికి. కోడ్ గొడవ వేరే త్రెడ్‌లో పెట్టుకోండి, అది ఉగాది దాకా నడుస్తుంది.

24. పిపెట్_పిచ్చి
నాదో అనుమానం. ఫోకై (డీఎన్ఏ తెగిన చోట కనిపించే చుక్కలు) లెక్కపెట్టడానికి సెల్స్‌ని గాజు కవర్‌స్లిప్ మీద పెంచుతాం, కాలనీలకి ప్లాస్టిక్ డిష్. రెండింటికీ ఒకే డోస్ రాయొచ్చా?

25. మావయ్య_మోంటేకార్లో
మంచి ప్రశ్న, ఈ త్రెడ్‌లో అన్నిటికంటే. కేవీ ఎక్స్‌రేలో రాయకూడదు. గాజులో సిలికాన్ ఉంది, ఫోటోఎలక్ట్రిక్ (ఫోటాన్‌ని మింగి ఎలక్ట్రాన్‌ని వదలడం) ఎక్కువ, అక్కడ పుట్టిన ఎలక్ట్రాన్లు పైకొచ్చి సెల్స్‌లో పడతాయి. 50 కేఈవీ ఎలక్ట్రాన్ నీటిలో పోయేది 40 మైక్రాన్లు, 100 కేఈవీది 140. గాజుకి అతుక్కున్న సెల్ మందం 10 మైక్రాన్ల లోపే, అంటే సెల్ మొత్తం ఆ వర్షంలోనే ఉంది. పాలిస్టైరీన్‌లో కార్బన్, హైడ్రోజనే, నీటికంటే తక్కువ ఎలక్ట్రాన్లు ఇస్తుంది, అక్కడ కొంచెం తగ్గుతుంది. గాజు మీద ఎక్కువ, ప్లాస్టిక్ మీద తక్కువ, మెషీన్ మీద ఒకటే నంబర్.

ఫిల్మ్ దీన్ని పట్టుకోలేదు. 125 మైక్రాన్ల పాలిస్టర్ ఆ ఎలక్ట్రాన్లలో చాలావాటిని మింగేస్తుంది. కాబట్టి "గాజు మీద ఫిల్మ్ పెట్టి చూశాం, తేడా లేదు" అనేది రుజువు కాదు. ఇక్కడ మాత్రం పూర్తి ఎలక్ట్రాన్ ట్రాన్స్‌పోర్ట్‌తో సిమ్యులేషనే దిక్కు, లేదంటే రెండు ప్రయోగాలకీ పాలిమర్ కవర్‌స్లిప్పులు. 137 సీజియం 662 కేఈవీలో అయితే ఈ బెడద దాదాపు ఉండదు, అక్కడంతా కాంప్టనే (ఫోటాన్ ఎలక్ట్రాన్‌ని తాకి చెదరడం).

26. కోబాల్ట్‌కాకి
మా దగ్గర క్యాబినెట్ లేదు, కోబాల్ట్-60 గామా చాంబర్. ఎనర్జీ గొడవలు లేవు గదా అని మురిసిపోకండి. గామా చాంబర్ 5000 నిండుగా లోడ్ చేసినప్పుడు గంటకు 9 కిలోగ్రే, అంటే సెకనుకి 2.5 గ్రే. కడుపులోకి దిగేలోపే సెల్స్ పని అయిపోతుంది. మూడు అర్ధాయువులు, సుమారు 16 ఏళ్లు గడిచిన సోర్స్ అయినా 2 గ్రేకి ఆరు సెకన్లే. అందులో డ్రాయర్ దిగేటప్పుడు, ఎక్కేటప్పుడు పడేది టైమర్ లెక్కలోకి రాదు.

పట్టుకునే పద్ధతి: 10, 20, 40, 60 సెకన్లకి ఫిల్మ్ పెట్టి సమయం మీద డోస్ గీయండి. గీత సున్నా సెకన్ల దగ్గర డోస్ అక్షాన్ని ఎక్కడ తాకితే అదే ట్రాన్సిట్ డోస్. ప్రతి సమయం నుంచీ దానికి సరిపడా సెకన్లు తీసేయాలి. ఆ ట్రాన్సిటే 2 గ్రేలో మూడో వంతు ఉంటే సీసం అటెన్యుయేటర్ పెట్టించుకోండి, లేకపోతే ఆ మెషీన్‌ని 2 గ్రే పనులకి వదిలేయండి. అటెన్యుయేటర్ పెడితే స్పెక్ట్రమ్‌లో స్కాటర్ వాటా మారుతుంది, కొత్తగా కొలవాలి.

సెల్స్ ఉన్న ట్యూబ్ చుట్టూ 4, 5 మి.మీ. యాక్రిలిక్ గొట్టం ఉండాలి, లేకపోతే కోబాల్ట్‌కి ఎలక్ట్రాన్ సమతౌల్యం రాదు. ఎప్పుడూ చాంబర్ నడిమధ్య ఒకే ఎత్తులో. నెలకి 1.1 శాతం తరుగు లెక్కలో వేసుకోండి. ఏడాది కిందటి డోస్‌రేట్ కాగితం గోడకి అంటించి అదే వాడితే 12 శాతం తక్కువ పడుతుంది.

27. కణపుట్ట
కోబాల్ట్‌కి ఫ్రిక్ డోసిమీటర్ (ఇనుము లవణం ద్రావణంతో కొలిచేది) వాడొచ్చంటారు, ఫిల్మ్ ఎందుకు?

28. కోబాల్ట్‌కాకి
డోస్‌రేట్‌కి ఫ్రిక్కే వాడతాం, ట్రాన్సిట్‌కి కాదు. 304 నానోమీటర్ల దగ్గర, 1 సెం.మీ. సెల్‌లో, ఓడీ 1 మారాలంటే సుమారు 279 గ్రే కావాలి. 2 గ్రేకి మారేది 0.007, స్పెక్ట్రోఫోటోమీటర్ గొణుగుడులో కలిసిపోతుంది. 40 నుంచి 400 గ్రే దాని రాజ్యం.

కలపడం: ఫెర్రస్ అమోనియం సల్ఫేట్ 1 మిల్లీమోలార్, సోడియం క్లోరైడ్ 1 మిల్లీమోలార్, సల్ఫ్యూరిక్ ఆమ్లం 0.4 మోలార్. గాలితో బాగా కలిసి ఉండాలి. నీళ్లలో, గాజు పాత్రలో సేంద్రియ మలినాలుంటే రీడింగ్ ఉబ్బుతుంది, ఉప్పు వేసేది అందుకే. చదివేటప్పుడు ఉష్ణోగ్రత రాసుకోండి, డిగ్రీకి 0.7 శాతం. 25 డిగ్రీల కోఎఫిషియంట్‌ని ఏసీ గది 21లో వాడితే 3 శాతం ఎగిరిపోతుంది. కేవీలో జీ విలువ (పీల్చుకున్న శక్తికి ఎంత ఇనుము మారుతుందో) తగ్గుతుంది, కోబాల్ట్ విలువ పెట్టి క్యాబినెట్‌లో వాడొద్దు.

29. కణపుట్ట
కొలతలు వచ్చాయి. ఫార్మర్ చాంబర్‌తో, తెర 2.00 అన్నప్పుడు గాలి కెర్మా 2.17. సీసంగోడ గారి 2.18 అంచనాకి అరశాతం తేడా. హెచ్‌వీఎల్ 0.97 మి.మీ. రాగి. అదే క్యాబినెట్‌లో కాలిబ్రేట్ చేసిన ఫిల్మ్ ఫ్లాస్కు అడుగున 2.40. టోపాస్‌లో సెల్స్ పొర బై గాలి కెర్మా 1.12, స్టాటిస్టికల్ ఎర్రర్ 0.6 శాతం. 2.17 × 1.12 = 2.43.

ప్లేటుని సగంలో తిప్పి, బయటి వరసలో నీళ్లు పోసి, చుట్టూ యాక్రిలిక్ పెడితే లోపలి 60 వెల్స్‌లో తేడా 9 నుంచి 3 శాతానికి దిగింది.

30. బెజవాడ_బీమ్
రంగు కాగితం గెలిచింది. ఇంజనీరుకి లడ్డూలు పంపండి.

31. సీసంగోడ
2.43, 2.40 కలిశాయని రెండు దశాంశాలు రాసుకుని మురవకండి. చాంబర్ కోఎఫిషియంట్, స్పెక్ట్రమ్, ఎత్తు, ఫిల్మ్ ఫిట్ అన్నీ కలిపితే మొత్తం అనిశ్చితి 4, 5 శాతానికి తగ్గదు. 2.4 ± 0.1 గ్రే అనండి, నిజాయితీగా ఉంటుంది.

మెథడ్స్‌లో: కేవీ, మిల్లీఆంపియర్, ఫిల్టర్, హెచ్‌వీఎల్, సెల్స్‌కి దూరం, డోస్‌రేట్, పాత్ర, మీడియం లోతు, కింద ఏముంది, చాంబర్ ఏ ప్రమాణానికి ముడిపడి ఉంది, పీడనం, ఏ కోడ్, ఏ కట్, డోస్ నీటికా గాలికా. ఇవన్నీ రాస్తే ఏ రివ్యూయరూ నోరెత్తడు. కోబాల్ట్ డేటాతో పోల్చేటప్పుడు ఒకటి గుర్తుంచుకోండి. డోస్ సరిగ్గా కొలిచినా రెండు కర్వ్‌లూ ఒకదాని మీద ఒకటి పడవు. కేవీ ఎక్స్‌రే గ్రేకి గ్రే కొంచెం గట్టిగానే కొడుతుంది.

32. పిపెట్_పిచ్చి
సరే, నా 2వ పోస్టు వెనక్కి తీసుకోను గానీ ఒకటి అడుగుతా. పాత కర్వ్‌లన్నీ పారేయాలా?

33. సీసంగోడ
పారేయక్కర్లేదు. సర్వైవల్ విలువలు అలాగే ఉంచి, డోస్ అక్షాన్ని 1.215తో (2.43 / 2.00) గుణించి మళ్లీ ఫిట్ చేయండి. ఆల్ఫా 1.215తో, బీటా దాని వర్గంతో భాగింపబడతాయి. ఆల్ఫా 0.30 కాస్తా 0.247, బీటా 0.030 కాస్తా 0.020. ఆల్ఫా బై బీటా 10 నుంచి 12కి పోతుంది, ఎవరైనా దాని మీద వాదన కట్టి ఉంటే అది చూసుకోవాలి. వేసవిలో ఏసీ లేకుండా చేసిన రోజులుంటే లాగ్ పుస్తకంలో ఉష్ణోగ్రత చూసి ఆ రోజులకి విడిగా.

34. మావయ్య_మోంటేకార్లో
1.215 టీ25కి, 5 మి.లీ. కి, ఆ షెల్ఫ్‌కి మాత్రమే. ప్లేట్ డేటాకి అది అంటించొద్దు, కవర్‌స్లిప్‌కి అసలే వద్దు. వాటికి వేరే రన్.

35. కణపుట్ట
ప్లేటు రన్ క్యూలో పెట్టా, లోపలి 60 వెల్స్ విడివిడిగా. కవర్‌స్లిప్ కూడా చేస్తా, గాజు కూర్పు కంపెనీని అడిగాను. మందం 0.17 మి.మీ. అని పెట్టె మీదే ఉంది.